ఎలుగును వదలండి, మా లైసెన్సు పట్టుకుపొండి

జిల్లా అడవులు, యాత్రల శాఖ అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి వెనక గుట్ట మీద తిరిగే తల్లి ఎలుగును, దాని పిల్లను బోనులో పట్టి పట్నం జంతుశాలకు తరలించాలన్న తమ ఉత్తర్వును ఆపడం గురించి, అందుకు బదులుగా నా భర్త నడుపుతున్న వన్యప్రాణి సందర్శన యాత్రల లైసెన్సును రద్దు చేయడం గురించి.

సూచిక: తమ కార్యాలయపు బంట్రోతు మా గేటుకు అంటించి వెళ్లిన ఉత్తర్వు.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను పై లైసెన్సుదారుని భార్యను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంతకుముందు ఎవరికీ అర్జీ పెట్టలేదు. మా ఇంటికి వచ్చే అతిథుల ముందుకు కూడా నేను రాను. ఎవరైనా పేరడిగితే తలుపు చాటుకు తప్పుకుంటాను. నోటితో చేతకానిది చేత్తో అవుతుందేమోనని రాస్తున్నాను. లైసెన్సు కోసం నా భర్త తమకు పెట్టుకున్న పాత అర్జీ నకలు ఎదురుగా పెట్టుకుని, ఆ వరుసలోనే రాస్తున్నాను. అందులో "తమ దయాదాక్షిణ్యములు" అనే మాట మూడు చోట్ల ఉంది. నాకు దానితో పని లేదు కనుక మూడు చోట్లా తీసేశాను.

1. నా భర్త చెడ్డవాడు కాడు. ఈ సంగతి ముందే రాయాలి, ఎందుకంటే తర్వాత రాసేవి చాలావరకు ఆయన మీదే. మా పెళ్లయిన కొత్తలో ఈ పని వేరుగా ఉండేది. మా ముందు గది గోడకు దేశపటం ఉంది. జంతువులను చూడాలని ఎవరైనా ఉత్తరం రాస్తే ఆయన ఆ పటం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఆలోచించేవారు. మంచుకొండలకు ఏ నెలలో వెళ్లాలి, ఎడారిలో ఎప్పుడు చల్లబడుతుంది, సముద్రపు ఒడ్డుకు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎప్పుడొస్తాయి, చిత్తడి నేలల్లో వలస పక్షులు ఎప్పుడు దిగుతాయి అని చూసి, "మన దేశం పెద్దది. అన్నీ ఒక్కసారే చూడాలనుకుంటే ఏదీ చూడరు. ఒక చోటు ఎంచుకోండి, కుదురుగా వారం ఉండండి" అని జవాబు రాసేవారు. పక్షులు గూళ్లలో పొదిగే నెలలో వస్తామన్నవాళ్లకు రావద్దని రాసేవారు. తాబేళ్ల ఒడ్డుకు వెళ్లేవాళ్లకు టార్చిలైటు ఇంట్లో వదిలి వెళ్లమని రాసేవారు. "రావద్దని ఉత్తరం రాసే వ్యాపారి నా కడుపునే పుట్టాలా" అని మా అత్తగారు నెత్తి కొట్టుకునేవారు.

ఆ రోజుల్లో రిటైరైన పంతులమ్మ ఒకావిడ వచ్చి మా గుట్ట దగ్గర వారం పాటు ఉంది. రోజూ నా భర్త వెనకాలే నడిచేది. తడి మట్టిలో అడుగులు చూసింది. గోళ్లతో చీల్చిన చెదపుట్టలు చూసింది. ఎలుగును మాత్రం చూడలేదు. వెళ్లేటప్పుడు నా భర్త నొచ్చుకుంటూ, "మీకు కనిపించకుండానే పోయిందండీ" అన్నారు. "నేను దానికి కనిపించే ఉంటానులే బాబూ, నా కళ్లజోడు అంత మెరుస్తుంది" అని ఆవిడ నవ్వింది. మళ్లీ రెండేళ్లకు చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇది తమ కార్యాలయంలో ఎక్కడా నమోదైన సంగతి కాదు కనుక ఇక్కడ రాశాను.

2. తర్వాత పట్నం నుంచి ఒక పెద్ద కంపెనీవారు వచ్చారు. "పది రోజుల్లో దేశమంతా, ఐదు చోట్ల ఐదు జంతువులు" అనే ప్రణాళిక తెచ్చారు. సముద్రం, చిత్తడి నేల, ఎడారి, మంచుకొండ, చివరగా మా గుట్ట. ఒక్కో చోట ఒక్క పూట. మిగిలిన పూటలన్నీ విమానాల్లోను, రైళ్లలోను గడుస్తాయి. ఈ ప్రణాళిక మీద తమ కార్యాలయం "బాధ్యతాయుతమైన యాత్ర" అని గుండ్రటి ముద్ర వేసింది. ఎవరి బాధ్యత అన్నది ఆ ముద్రలో లేదు.

అతిథులు మా దగ్గరికి చీకటి పడే వేళకు చేరతారు. మర్నాడు మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోతారు. అంటే ఎలుగుకు ఒక్క ఉదయం గడువు. ఆ లోపల అది రాకపోతే వాళ్ల ఐదు జంతువులు నాలుగే అవుతాయి, కంపెనీవారు నా భర్తను ఫోనులో కడిగేస్తారు. ఎలుగుకు రైలు టైము తెలియదు. తెలిసేలా చేయడం మా ఇంటి పని అయింది.

3. మొదట మాగిన పళ్లు పెట్టారు. వాటిని కోతులు తినేశాయి. ఒకరోజు నా భర్త వంటింట్లోకి వచ్చి, "కాస్త పాకం కాయి" అన్నారు.

"ఎవరికండీ?"

"రాయికి."

వేళాకోళం అనుకున్నాను. కాదు. గుట్ట మొదట్లో అతిథులు కూర్చునే మంచెకు ఎదురుగా చప్పట రాయి ఒకటి ఉంది, దాని నిండా లోతైన పగుళ్లు. పాకం పగుళ్లలో పోస్తే కోతి చెయ్యి పట్టదు. ఎలుగు మాత్రం మూతి సున్నాలా చుట్టి లోపలిదంతా పీల్చేస్తుంది. ఆ చప్పుడు మా వంటింటి దాకా వినబడుతుంది. పాకం మరీ పలచనైతే పగుళ్లలోంచి కారిపోతుంది, ముదిరితే గడ్డకడుతుంది. తీగ సాగీ సాగకముందు దించాలి. అలా ప్రతి ఉదయం ఎలుగుకు పాకం కాచిన మనిషిని నేను. అది తప్పు అని మొదట్లో తోచలేదు. పెట్టిన చెయ్యి చెడ్డది ఎలా అవుతుందనుకున్నాను.

మా అత్తగారికి అప్పుడే తోచింది. ఆమె తీరులో ఆమె చెప్పారు. నేను పొయ్యి దగ్గర ఉంటే వెనక నుంచి, "కానియ్యి, నీ ఆడపడుచు వచ్చే వేళైంది. పాకం చల్లారితే మూతి ముడుస్తుంది" అనేవారు. "కన్న కూతురు పురిటికొస్తే నేనింత చెయ్యలేదే. దీనికి పిల్లని కూడా మనమే సాకుతున్నాం" అనేవారు. పిల్ల మాట నిజం. ఈ ఏడు తల్లి వీపు మీద ఎక్కి పిల్ల కూడా రావడం మొదలుపెట్టింది. అతిథులకు పాకం సంగతి చెప్పరు. "ఆ రాయంటే దానికి ప్రాణం" అని చెబుతారు. వాళ్లు మంచె మీద కూర్చుని మెల్లగా చప్పట్లు కొడతారు.

ఒకసారి ధైర్యం చేసి నా భర్తను అడిగాను. "రోజూ ఇలా పెడితే అడవిలో వెతుక్కోవడం మరిచిపోదా? ఆ పిల్లకి పుట్ట తవ్వడం ఎవరు నేర్పుతారు?"

"వంటింట్లో కూర్చుని అడవి సంగతి చెబుతున్నావా? ఆఫీసరుగారే ముద్ర వేసి ఇచ్చారు. కాదనడానికి నువ్వెవరు?" అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు అప్పుడు చెప్పలేకపోయాను. ఈ అర్జీ అదే.

4. తమరు తనిఖీ నిమిత్తం సకుటుంబంగా విచ్చేసినది.

తమ తనిఖీ నివేదికను నా భర్త అద్దం కట్టించి దేశపటం పక్కన వేలాడదీశారు. "ఇచ్చట జంతువులకు ఎటువంటి ఎర వేయబడుట లేదని స్వయముగా పరిశీలించితిని" అని అందులో ఉంది. ఊడ్చేటప్పుడల్లా అది నా కంట పడుతుంది. ఆ ఉదయం జరిగినది తమరు మరిచిపోయి ఉండవచ్చు. నేను మరిచిపోలేదు.

ఎలుగు వచ్చి, రాయికి అవతలి వైపు పగుళ్లు నాకి, పొదల్లోకి పోయింది. ఫొటోల్లో దాని వీపే వచ్చిందని తమ కుమార్తె అలిగింది. తమ దగ్గర పాకం సంగతి నా భర్త దాచలేదు కనుక తమ శ్రీమతిగారు, "ఇటువైపు కూడా కాస్త పొయ్యమనండీ, పిల్ల ముచ్చట పడుతోంది" అన్నారు. నేను పాకం గిన్నె తెచ్చి మంచె కింద నిలబడ్డాను. నా భర్త అందుకోబోతే, "మీరుండండి" అని తమరే దిగివచ్చి గిన్నె తీసుకున్నారు. తమరే పోశారు. తమ వేళ్లకు అంటింది. తమరు ఆ వేలు నాకి, "పాకం భలే కుదిరిందయ్యా, ఎవరు చేశారు?" అన్నారు. నా భర్త నన్ను చూపించారు. తమరు నా వైపు చూడకుండానే తల ఊపారు. నేనే చెంబుతో తమ చేతుల మీద నీళ్లు పోశాను.

అయ్యా, ఈ ఇంటికి వచ్చాక నా చేతి వంటను మెచ్చుకున్న మొదటి మనిషి తమరే. ఆ రోజంతా ఆ మాటే నెమరు వేసుకుంటూ గడిపాను. ఇప్పుడు తలుచుకుంటే ఒంటి మీద తేళ్లు పాకినట్టుంటుంది.

5. ఈ వానాకాలం మొదట్లో పట్టాలు తెగి రైళ్లు ఆగిపోయాయి. అతిథులు రాలేదు. అతిథులు లేనప్పుడు దండగెందుకని నా భర్త పాకం వద్దన్నారు. ఎలుగుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అది వచ్చి ఎండిన రాయి నాకింది. మర్నాడూ నాకింది. తర్వాత మా పెరటి తలుపు గోకింది. మా అత్తగారు కంచాలు మోగించి తరిమారు. అది బస్సులు ఆగే చోటికి, పాకం వాసన వచ్చే రెండో పొయ్యి దగ్గరికి పోయింది.

అది మిఠాయి కొట్టు. కొట్టాయన తెల్లవారుతూనే బాణలి ముందు కూర్చుని పాకం తిప్పుతున్నాడు. వెనక అలికిడైతే గరిటె చేత్తో పట్టుకునే తిరిగాడు. వేడి చుక్కలు దాని మూతి మీద పడ్డాయి. వెనక పిల్ల ఉంది. తల్లి ఒక్క దెబ్బ కొట్టింది. కొట్టాయన చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా చీలిపోయింది. ఎలుగు బాణలి ముట్టకుండానే పిల్లను వీపున వేసుకుని పారిపోయింది.

నేను, మా అత్తగారు ఆస్పత్రికి వెళ్లాం. కొట్టాయన, "అది నన్ను చూడలేదమ్మా, నా చేతిలో గరిటెని చూసింది. ఏం లాభం, రుచి కూడా చూడకుండా పోయింది. నా పాకం నచ్చలేదు కాబోలు" అని నవ్వబోయి, నొప్పికి కళ్లు మూసుకున్నాడు. ఆయన భార్య నవ్వలేదు. "మీరు పెంచిన ఎలుగే కదా. మీ ఇంట్లో తిని మా ఇంటి మీద పడింది" అంది. అందులో అబద్ధమేమీ లేదు. మా అత్తగారు, ఎంతటివారినైనా మాటకు మాట అప్పజెప్పే మనిషి, ఆ రోజు నేల చూపులు చూశారు.

6. తమ ఉత్తర్వు గురించి.

"సదరు ఎలుగు ఎటువంటి కవ్వింపు లేకుండా, స్వభావసిద్ధమైన క్రూరత్వముతో జనావాసములోనికి చొరబడి" అని తమరు సెలవిచ్చారు. కవ్వింపు లేకుండా అన్నది అబద్ధం. రోజూ పెట్టి, ఒకరోజు పెట్టకపోవడం కంటే పెద్ద కవ్వింపు ఏముంటుంది? స్వభావసిద్ధం అన్నదీ అబద్ధమే. దాని స్వభావం పుట్టలు తవ్వుకోవడం, రాలిన పళ్లు ఏరుకోవడం, మనిషి వాసన తగిలితే తప్పుకోవడం. ఇక చొరబడడం. కేకేసి పిలిచిన చుట్టాన్ని చొరబడ్డాడని ఎవరూ అనరు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. కాచిన నాకు, పోయించిన నా భర్తకు, ఒక్క పూటలో ఎలుగు కావాలన్న కంపెనీకి, చప్పట్లు కొట్టిన అతిథులకు, ముద్ర వేసిన తమకు తలా పిడికెడు రావాలి. తమ ఉత్తర్వులో పాపమంతా గంపకెత్తి ఎలుగు నెత్తిన పెట్టారు. అది ఎటూ అర్జీ పెట్టుకోలేదు గదా అని కాబోలు.

పైగా అదే ఉత్తర్వు కింద వచ్చే ఏటికి మా లైసెన్సు పొడిగించారు. నా భర్త కంగారుపడి కంపెనీకి ఫోను చేస్తే, "ఏం పర్లేదండీ, గుట్ట అవతల ఇంకో ఎలుగు ఉందంటున్నారుగా. నెల రోజుల్లో అదీ రాయి రుచి మరుగుతుంది" అన్నారు. ఫోను గట్టిగా వినబడుతుంది, నేను పక్కనే ఉన్నాను. ఆ మాట విని నా భర్త ఫోను పెట్టేసి చాలాసేపు దేశపటం ముందు నిలబడ్డారు. ఏం చూశారో తెలియదు.

7. మిఠాయి కొట్టాయనకు దెబ్బ తగిలిన రోజు నుంచి నేను పాకం కాయలేదు. రైళ్లు మళ్లీ నడిచి, అతిథులు వస్తున్నారని కబురు వస్తే నా భర్త కాయమన్నారు.

"కాయను."

"ఏంటి?"

"కాయనన్నాను."

"నీకు మాటలెప్పుడొచ్చాయి?"

"ఇప్పుడే వచ్చాయిరా. మొదటి మాటే నీకు తగిలింది, దిష్టి తీయించుకో" అన్నారు మా అత్తగారు వసారాలోంచి. ఆమె నా పక్షాన మాట్లాడారని అనుకోను. కొడుకు మీద ఒక మాట విసిరే అవకాశం వస్తే ఆమె వదులుకోరు.

నా భర్త తనే కాచారు. మాడి, నల్లగా గడ్డకట్టింది. గరిటె అందులో నిటారుగా నిలబడిపోయింది, ఇప్పటికీ ఊడి రాలేదు. ఆ ఉదయం అతిథులకు ఎలుగు కనిపించలేదు. ఒకాయన రైలెక్కే దాకా నా భర్తతో పోట్లాడుతూనే ఉన్నాడు. "మంచుకొండలో కూడా కనిపించిందయ్యా, నీ గుట్టకేం రోగం?" అన్నాడు. ఆ మంచుకొండలో ఏం కాచి పోస్తున్నారో ఎవరైనా తనిఖీ చేస్తే బాగుంటుంది. తమరు మాత్రం వద్దు.

ఆ అతిథులు వెళ్లాక ఎలుగు మళ్లీ కొన్నాళ్లు ఖాళీ రాయి దగ్గరికి వచ్చింది. వంటింటి కిటికీలోంచి చూస్తే, నాకి నాకి, అలాగే కూర్చునేది. దాన్ని అలా చూడడం కంటే తలుపు గోకినా బాగుండును అనిపించేది. తర్వాత రోజు విడిచి రోజు వచ్చింది. తర్వాత రావడం మానేసింది. మొన్న మా అత్తగారితో కట్టెలకు వెళ్తే, వాగు అవతల చెదపుట్ట ఒకటి చీలి ఉంది. పెద్ద గోళ్ల గీతలు లోతుగా, తిన్నగా ఉన్నాయి. వాటి పక్కన చిన్న గోళ్ల గీతలు. ఒకే చోట గోకి గోకి, వంకరగా, సగంలో వదిలేసినట్టు ఉన్నాయి. మా అత్తగారు కట్టెల మోపు దింపి, వంగి చూసి, "పిల్ల ముండకి ఇంకా చెయ్యి తిరగలేదు" అన్నారు.

అయ్యా, చెయ్యి తిరగడానికి దానికి కొంత కాలం కావాలి. నేను అడిగేది అంతే. తమ జంతుశాలలో సిమెంటు గచ్చు ఉంటుంది, పుట్ట ఉండదు. అక్కడికి వెళ్తే ఆ పిల్ల జన్మంతా ఎవరో ఒకరు గిన్నె తెస్తారని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

8. ఇవన్నీ ఉన్నా నేను అర్జీ రాసేదాన్ని కాదేమో. రాయించింది తమ బంట్రోతు.

ఉత్తర్వు అంటించి వెళ్లబోతూ అతను గుమ్మంలోకి వచ్చి, "సారు చెప్పమన్నారమ్మా. బోను రేపో మాపో వచ్చేస్తుంది. బోనులో పెట్టడానికి పాకం మీరే కాచి ఇవ్వాలంట. మీ చేతిదైతే దానికి అలవాటు, అనుమానం రాదంట" అన్నాడు. చెప్పి, తనే సిగ్గుపడి, మంచినీళ్లడిగి తాగి వెళ్లాడు.

అతను వెళ్లాక నా భర్త చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పి, కూర్చున్నారు. చివరకు మా అత్తగారే అన్నారు. "చూడరా, ఈ ఇంట్లో నేను కోడల్ని నానా మాటలూ అన్నాను. ఎలుగునీ అన్నాను. కానీ పిలిచి విస్తరేసి పీక పట్టుకునే ఇల్లు కాదురా ఇది. మీ నాన్నుంటే నిన్నూ ఆ ఆఫీసర్నీ కలిపి ఆ బోనులో పెట్టి తాళం వేసేవాడు."

పై మాటలు మా అత్తగారివి. యథాతథంగా పొందుపరచడమైనది.

తమరు పంపిన కబురుకు నా జవాబు ఇది: కాయను. కొట్టాయన చెయ్యి కట్లలో ఉంది, ఆయన కొట్టు మూసి ఉంది. నా భర్త కాస్తే ఏమవుతుందో పైన రాశాను. తమకు అంతగా కావాలంటే తమరే పొయ్యి ముందు కూర్చుని కాచుకోవచ్చు. పాకం రుచి తమకు తెలుసు.

9. లైసెన్సు రద్దయితే మేం ఎలా బతుకుతామని తమరు అడగరు. అయినా చెబుతున్నాను. మాకు జీపు ఉంది. జంతువులనే చూపించాలని దానికేం రాసిపెట్టి లేదు. సంతకు బస్తాలు మోస్తుంది.

కావున తమరు ఈ కింది విధంగా ఉత్తర్వులు దయచేయవలసినది:

ఎలుగును, పిల్లను బోనులో పట్టాలన్న ఉత్తర్వును వెంటనే ఆపాలి. మా గుట్ట మీదికి యాత్రలను, మా ఎలుగు గాని, అవతలి ఎలుగు గాని, మనుషుల వాసనను మరిచిపోయేదాకా మూసేయాలి. నా భర్త లైసెన్సు రద్దు చేయాలి. కొట్టాయన చెయ్యి నయమయ్యేదాకా వైద్యం బాధ్యత మాది, కంపెనీది అని రాతపూర్వకంగా తేల్చాలి.

ఇక ముందు ఎవరికైనా లైసెన్సు ఇచ్చేటప్పుడు, ఒక్క పూటలో జంతువును చూపిస్తామన్న ప్రణాళికను చూడగానే చించేయాలి. దేశం ఎంత పెద్దదైనా ఒక ప్రయాణానికి ఒక చోటు చాలు. అక్కడ తీరిగ్గా ఉండాలి. గూడు కట్టే నెలలో, పిల్లలు పెట్టే నెలలో వెళ్లకూడదు. జంతువుకు తిండి పెట్టకూడదు, దాని గొంతుతో కూతలు పెట్టి పిలవకూడదు, దాని దారికి అడ్డంగా కూర్చోకూడదు. కరపత్రంలో "చూపిస్తాం" అని రాయకూడదు. "కనిపిస్తే మీ అదృష్టం" అని రాయాలి. ఇవన్నీ నా భర్తకు తెలిసిన సంగతులే. ఆయన పాత ఉత్తరాల్లో ఉన్నవే నేను ఎత్తి రాశాను. మళ్లీ ఏనాటికైనా ఆయన అలాంటి ఉత్తరాలు రాయదలచుకుంటే, అప్పుడు కొత్తగా దరఖాస్తు పెట్టుకుంటారు. అది తనిఖీ చేయడానికి తమ స్థానంలో మరొకరు ఉంటారని ఆశిస్తున్నాను.

చిత్తగించవలెను. చిత్తం కుదరకపోతే చదవనైనా చదవవలెను.

ఇట్లు,
తమకు విధేయురాలు కాని,
లైసెన్సుదారుని భార్య

మరొక మనవి: అర్జీ మడుస్తుండగానే బోను బండి వచ్చేసింది. గుట్టకు వెళ్లే దారి మా ఇంటి గోడకూ వాగుకూ మధ్య నుంచే ఉంది. ఇంకో దారి లేదు. ఆ దారికి అడ్డంగా మా అత్తగారు మంచం వేసుకుని పడుకున్నారు. నేను చెప్పలేదు. నాతో ఒక్క మాట కూడా అనకుండానే మంచం ఈడ్చుకెళ్లారు. కిటికీలోంచి అన్నీ వినబడుతున్నాయి.

"పెద్దమ్మా, లే. సర్కారు బండి."

"సర్కారుదైతే చక్రాలున్నాయిగా, పక్కకి తిప్పుకో."

"పక్కన వాగు ఉంది పెద్దమ్మా."

"ఈదుకో."

నా భర్త బయటికి వెళ్లారు. "అమ్మా, లే, నలుగురూ చూస్తున్నారు" అన్నారు.

"చూడనీరా. ఇన్నాళ్లూ నలుగురికీ ఎలుగును చూపించావు, ఇవాళ నన్ను చూపించు. పాకం కూడా అక్కర్లేదు, ఊరికే కనిపిస్తాను" అన్నారు మా అత్తగారు.

డ్రైవరు నవ్వు ఆపుకోలేక బండి దిగి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. అతని వెంట వచ్చిన ఇద్దరూ దిగారు. నా భర్త తల్లిని లేపలేదు, బండిని వెళ్లిపొమ్మనీ అనలేదు. ఇప్పుడు మంచం పట్టె మీద కూర్చున్నారు. ఎటువైపు కూర్చున్నారో ఇంకా ఆయనకే తెలియదు.

ఈ అర్జీ తపాలాలో వేయడం లేదు. నేనే బయటికి వెళ్లి డ్రైవరు చేతికి ఇస్తున్నాను. ఎవరి సైకిలైనా అడిగి పుచ్చుకుని మీ దగ్గరికి వచ్చి, అర్జీ మీకు ఇచ్చి, మీ సంతకం తెస్తాడు. మీ సంతకం వచ్చేదాకా బండి ఇక్కడే ఉంటుంది, మీ మనుషులు ఇక్కడే ఉంటారు. వాళ్ల గురించి బెంగ పెట్టుకోకండి. బియ్యం కడిగి పెట్టాను. పూట పూటకీ వేడిగా అన్నం పెడతాను, ఎన్నాళ్లయినా పెడతాను. మనుషులు మా వంటింటి వాసన మరిగితే ఎవరూ బోను తీసుకురారు కదా.